చదువక వ్రాసిన విమర్శ

ఈ సంవత్సరపు సంచికకు మన గ్రంథాలయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. బీరువాలెన్ని, పుస్తకములెన్ని, చెదలు తిన్నవెన్ని యను లెక్క ప్రధానోపాధ్యాయులవారి నివేదికలో నెటులైనను వచ్చును గాన, దానిని విడిచి, అదే గ్రంథాలయమునకు సంబంధించిన మరియొక లెక్కను ఇచ్చట ఒప్పజెప్పదలచితిమి. అది మాకు గౌరవమును గూర్చునది కాదు.

మూడేండ్ల క్రిందట ఇదే పత్రికలో, బాలబాలికలు చదువదగని నవలలను గూర్చి మేమొక వ్యాసము వ్రాసియుంటిమి. చదువరులలో కొందరికది జ్ఞాపకముండవచ్చును. అందు మూడు పుస్తకములను విమర్శించితిమి. రెండింటిని గూర్చి వ్రాసినదానికి నేటికిని కట్టుబడియున్నాము. మూడవది అమెరికా రచయిత్రి అర్సులా కె. లెగ్విన్ 1968లో ప్రకటించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ యను నవల. ఎర్త్‌సీ యనునది ఆమె కల్పించిన ద్వీపముల లోకము, విజర్డనగా మాంత్రికుడు. ఆ పుస్తకమును గూర్చి మేము వ్రాసినవి పదునాలుగు పంక్తులు. ఇటీవల వానిని మరల లెక్కించి చూచుకొంటిమి.

ఆ పుస్తకము మన పాఠశాలకు వచ్చిన విధమిది. విదేశమునుండి వచ్చి మన ప్రాంగణమున నాలుగు దినములు విడిదిచేసిన యతిథి యొకరు, తమ పిల్లలు పెద్దవారైనందున వారు చదివి విడిచిన పుస్తకములను ఒక పెట్టెనిండ పంపిరి. అందు జంతువుల కథలు, సముద్రయాత్రలు, ప్రేమకథలు, మంత్రతంత్రముల నవలలు కలగలుపుగ నుండెను. వానికి ముద్రలు వేసి, సంఖ్యలిచ్చి, బీరువాలో సర్దితిమి. నెల తిరుగక మునుపే తండ్రియొకరు ఆ పుస్తకమును చేతబట్టుకొని మా యొద్దకు వచ్చిరి. వారు కోపముతో రాలేదు. మిక్కిలి మర్యాదగా, “టీచరుగారండీ, మిషను పాఠశాలలో మాంత్రికుని పుస్తకమేమిటండీ? మీరు చూచియే యిచ్చితిరా?” యని యడిగిరి. మేము చూడలేదు. చూడలేదని చెప్పుటకు సిగ్గుపడి, “విచారించి చెప్పెదము” అంటిమి.

పాఠశాల కమిటీవారు ఆ పుస్తకమును చదివి అభిప్రాయము వ్రాయుమని మాకే అప్పగించిరి. అవి అర్ధసంవత్సర పరీక్షల దినములు. మా బల్లమీద దిద్దవలసిన జవాబు పత్రములు రెండు కట్టలుండెను. ఒక సాయంకాలము పుస్తకమును ఇంటికి గొనిపోయి, రాత్రి పదిగంటలవరకు చదివితిమి. పది ప్రకరణముల నవలలో నాల్గవ ప్రకరణము నడుమకు వచ్చితిమి. అచ్చట కథానాయకుడైన బాలుడు, తోటి విద్యార్థి తన్ను ఎగతాళి చేసెనన్న పంతముతో, పూర్వకాలమున మరణించిన యొక సుందరి ఆత్మను పిలువ బూనుకొనును. మొదటి సమూయేలు గ్రంథమున ఏన్దోరు స్త్రీ సంగతి యెఱిగిన మాకు అంతకుమించి చదువనక్కఱలేదని తోచెను. పుస్తకమును మూసి, ఆ రాత్రియే పదునాలుగు పంక్తులు వ్రాసి, మఱునాటి యుదయమున పుస్తకమును గ్రంథాలయమునకు తిప్పి యిచ్చితిమి. కమిటీవారు మా మాటను నమ్మి దానిని తాళపు బీరువాలో పెట్టించిరి. వార్షిక సంచికకు వ్యాసము కావలసివచ్చినప్పుడు అవే పంక్తులను అందు చేర్చితిమి.

ఆ కాలమున గ్రంథాలయపు పనిలో మాకు సహాయము చేయుచుండిన తొమ్మిదవ తరగతి బాలిక యొకతె కలదు. పుస్తకముల వెనుక అతికించిన చీటీపై ఇచ్చిన తేదీని, తిప్పియిచ్చిన తేదీని ముద్రవేయుట ఆమె పని. మాటాడుట తక్కువ, వేయవలసిన ముద్రను వంకరలేకుండ వేయును. సంచిక వెలువడిన వారమున ఆమె మా బల్లయొద్దకు వచ్చి నిలిచెను.

“టీచరుగారండీ, మీ వ్యాసము చదివితినండీ.”

“సంతోషమమ్మా.”

“గెడ్ ఆ నీడను ఏ పేరుతో పిలిచెనో మీరు వ్రాయలేదేమండీ?”

ఆ నీడ యేదియో మేమెఱుగము. ఆ పేరును ఎఱుగము. ఒక్క రాత్రి మాత్రమే పుస్తకము మాయొద్ద నుండెనని ఆ బాలిక యెఱుగును. ఏలయన రెండు ముద్రలును ఆమె చేతితో వేసినవే. ఆమె దెప్పిపొడువ వచ్చినదని మేమిప్పుడును తలపము. చదివిన పుస్తకమును గూర్చి, చదివినవారితో మాటాడవలెనని వచ్చినది. మేమో, “అట్టి సంగతులు నీకేల? పరీక్షలకు చదువుకొనుము” అని గద్దించితిమి. ఆమె “మంచిదండీ” యని వెడలిపోయెను. మఱుసటి సంవత్సరము పదవ తరగతి ముగించి, మంచి మార్కులతో విజయవాడలో ఇంటర్మీడియెటు చదువబోయెను. గ్రంథాలయమునకు మాత్రము మరి రాలేదు.

గత మే నెలలో, వేసవి సెలవులందు పుస్తకముల జాబితా సరిచూచుటకై తాళపు బీరువాను తెరువవలసివచ్చెను. అందు చిరిగిన నిఘంటువులు రెండు, ఎవరును కోరని లెక్కల గైడులు కొన్ని, వానిపైన ఆ నవల. ఇంటికి గొనిపోయితిమి. ఈ మారు ఆఱుదినములు పట్టినది. ఎండ కాలమగుటచే మధ్యాహ్నము కరెంటు పోయినప్పుడెల్ల గుమ్మములో కూర్చుండి చదువుచుంటిమి.

గెడ్ గాంట్ అను పర్వతద్వీపమున మేకలు కాచుకొను తల్లిలేని బాలుడు. వానికి పుట్టుకతోనే మంత్రశక్తి కలదు. దానితోబాటు గర్వమును కలదు. ఓగియన్ అను గురువు వానిని చేరదీయును గాని, ఆ గురువు వర్షము పడుచుండగా దానిని మంత్రముతో ఆపక చెట్టుక్రింద తడిసి పరుండువాడు. బాలునికి అది నచ్చదు. తొందరగా గొప్పవాడు కావలెనని రోక్ ద్వీపమందలి విద్యాలయమునకు పోవును. మన పిల్లలు హారీ పాటరు పాఠశాలనే మొదటిదని తలచుచున్నారు. ఆ మొదటి నవల వెలువడినది 1997లో, దానికి దాదాపు ముప్పది యేండ్లకు ముందే రోక్ విద్యాలయము పుస్తకములలో నున్నది. అచ్చటి చదువును చూచి మాకు నవ్వు వచ్చినది. ఒక గోపురమున ప్రతి వస్తువు యొక్క నిజనామములను పట్టికలు పట్టికలుగా కంఠస్థము చేయవలెను. అర్ధరాత్రికి సిరా మాసిపోవును. మన తొమ్మిదవ తరగతివారు పదజాలపు పట్టికలను గూర్చి మొఱపెట్టినప్పుడు ఈ సంగతి చెప్పవచ్చును.

మేము మూసిన పుటకు మరుసటి పుటలలో నున్నదేమి? ఆ పిలుపుచే లోకము చిరిగి, ఆ చిరుగులోనుండి యొక నల్లని నీడ వెలువడి బాలుని మొగముపై బడి చీల్చును. ఆ చిరుగును మూయుటలో ఆ విద్యాలయపు పెద్ద, వృద్ధుడు, తన ప్రాణమును వ్యయముచేయును. తన పంతమునకు మరియొకరు మరణించిరని ఆ బాలుడు మంచముపట్టి నెలలతరబడి మాటరాక పడియుండును. గాయపు మచ్చలు వాని చెంపపై జీవితమంతయు నుండును. మృతులను పిలుచుట తగునని బోధించు పుస్తకమని మేము వ్రాసియుంటిమి. ఆ పనికి ఇంతటి వెల కట్టిన కథను మేము వేరొకటి చదువలేదు.

తరువాతి ఆఱు ప్రకరణములును ఆ నీడ సంగతియే. అది తరుమును, గెడ్ పారిపోవును. ద్వీపముపై ద్వీపము పారిపోయి, బలముడిగి, తాను విడిచివచ్చిన ఓగియన్ గుడిసెకే చేరును. తిరిగి దానికి ఎదురు నడువుమని ఆ గురువు చెప్పును. అంతట తరుమబడినవాడే తరుముచు, వెచ్ అను మిత్రునితో చిన్న పడవలో తూర్పు సముద్రపు కడవరకు పోవును. అచ్చట దానిని పేరుపెట్టి పిలుచును. ఆ పేరేమో ఇచ్చట వ్రాయము. చదువబోవువారి యొద్దనుండి కథాంతమును దొంగిలించుట విమర్శకునికి తగదు. ఆ పుట చదివినప్పుడు పుస్తకమును ఒడిలో పెట్టుకొని చాలసేపు ఊరక కూర్చుంటిమని మాత్రము చెప్పెదము. పొయ్యిమీద పాలు పొంగి పోయినవి.

మరియొక సంగతి కలదు. గెడ్ దేహచ్ఛాయ ఎఱుపు కలిసిన గోధుమవర్ణము, వెచ్ నల్లనివాడు. తెల్లవారే వీరులుగానుండు కథలకు అలవాటుపడినవారిని చూచి రచయిత్రి బుద్ధిపూర్వకముగ నట్లు వ్రాసెను. అయినను కొందరు ప్రకాశకులు అట్టమీద గెడ్‌ను తెల్లవానిగ చిత్రించిరి; ఆమె దానికి నొచ్చుకొనెను. వారును మావలెనే లోపల చదువక అట్ట వేసిరేమో! లెగ్విన్ క్రైస్తవురాలు కాదు. చీనాదేశపు తావో మతగ్రంథముపై మక్కువ గలది. 1997లో దానిని తన యింగ్లీషులో ప్రకటించెను. ఆమె 2018లో మరణించెను. ఆమె నమ్మినదంతయు మేము నమ్మము. ఆమె కథయందున్నది మేము చూడకపోవుటకు అది కారణము కాదు.

నవలను గూర్చి తొందరపడి తీర్పుచెప్పినవారు మాకు ముందును గలరు. 1847లో ‘జేన్ ఐర్’ అను నవల కరర్ బెల్ అను మాఱుపేరుతో వెలువడెను. రచయిత్రి షార్లెట్ బ్రాంటీ హావర్త్ గ్రామపు పాదిరిగారి కుమార్తె. తానును ఉపాధ్యాయినిగ పనిచేసినది. మఱుసటి యేడు డిసెంబరులో ‘క్వార్టర్లీ రివ్యూ’ యను పత్రికయందు సంతకములేని విమర్శ యొకటి వచ్చెను. వ్రాసినది ఎలిజబెత్ రిగ్బీ. దేవుడిచ్చిన స్థితిని గూర్చి సణుగు పుస్తకమనియు, క్రైస్తవధర్మమునకు విరుద్ధమనియు, వ్రాసినది స్త్రీయే యైనచో తోటి స్త్రీల సాంగత్యమునకు తగినది కాదనియు అందలి భావము. ఆ డిసెంబరునందే షార్లెట్ చెల్లెలు ఎమిలీ మరణించెను. సంతకము లేని కలమునకు అట్టి సంగతులు తెలియవు. అయినను రిగ్బీ పుస్తకమును చదివినది. ఆ మాత్రము న్యాయము ఆమె చేసినది, మేము చేయలేదు.

ఆ నవలను మేము పదవ తరగతి బాలికలతో కలిసి ఈ సంవత్సరము చదివితిమి, సంక్షిప్తప్రతి కాదు, పూర్తిప్రతి. యజమానియైన రాచెస్టరునకు బ్రతికియున్న భార్య కలదని పెండ్లిపీటయొద్ద తెలిసినప్పుడు, జేన్ అతనిని ప్రేమించుచునే ఆ యిల్లు విడిచి, చేతనున్న ఇరువది షిల్లింగులు బండివానికిచ్చి, తెలియని చోట దిగిపోవును. సణుగుడు కథ యనుటకు ఇందేమున్నదని మా బాలికలు అడిగిరి. వారిని మరింత ఆకర్షించినది వేరొక ఘట్టము. సెంట్ జాన్ రివర్సు అను పాదిరి మిషనరీగ హిందూదేశమునకు పోదలచి, జేన్‌కు హిందూస్థానీ నేర్పి, తన భార్యగా వెంటరమ్మనును. అతనికి ఆమెపై ప్రేమలేదు, పనికివచ్చునని కోరును. సహాయకురాలిగ వచ్చెదను గాని భార్యగా రానని ఆమె చెప్పును. “టీచరుగారండీ, ఆమె మన దేశము వచ్చియుండిన మన పాఠశాలలోనే పాఠము చెప్పియుండును గదండీ!” యని యొక బాలిక యనగా అందఱు నవ్వితిమి. మిషనరీ కోరికను కాదన్న కథానాయికను మిషను పాఠశాలలో చదువుట సరియా యని సహోపాధ్యాయులొకరు అడిగిరి. ఆ ప్రశ్నకు మేము జవాబియ్యలేదు, పుస్తకమునే వారికిచ్చితిమి. ప్రస్తుతము వారు ఇరువదవ అధ్యాయమున నున్నారు.

ప్రేమకథలను గూర్చి మాట వచ్చినది గనుక మా తల్లిగారిని తలంపక తప్పదు. ఆదివారపు ఆరాధనకు పెందలకడ పోవు ఆమె, బట్టలపెట్టె అడుగున యద్దనపూడి సులోచనారాణిగారి నవలలను దాచుకొనుచుండెను. 1960 దశకమునాటి ‘సెక్రటరి’ యందు అట్టలు ఊడిన ప్రతి. అందలి జయంతి పేదది, ఆత్మాభిమానము గలది. రాజశేఖరము ధనవంతుడు, కారు గలవాడు. ఆ కథ 1976లో చలనచిత్రముగా వచ్చెను. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండగా, వసతిగృహమున ఆ నవలయే వార్తాపత్రిక అట్టతో చేయి మాఱుచుండెను. మేము ఉన్నత సాహిత్యము చదువువారమని గర్వించి దానిని ముట్టలేదు. రాత్రి చదివి తెల్లవారి తిప్పియిచ్చితిమని ఒప్పుకొనుట ఈ వ్యాసమునకు తగియుండును. మగవాడు పొడుగువాడును ధనవంతుడును కానిచో కథానాయకుడు కాలేడా యని అప్పుడును తోచినది, ఇప్పుడును తోచును. కాని మా తల్లిగారు, వంటయింటి పని ముగించి, కిరసనాయిలు దీపము పక్కన ఆ పుస్తకము తెరచినప్పటి మొగమును మేము మఱువలేదు. విమర్శ వ్రాయువారు ఆ మొగమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ఇక పిల్లల విమర్శల మాట. 1936లో లండనులోని స్టాన్లీ అన్విన్ అను ప్రకాశకుని యొద్దకు ‘ది హాబిట్’ అను వ్రాతప్రతి వచ్చినప్పుడు, ఆయన దానిని పదేండ్ల కుమారుడు రేనర్ చేతికిచ్చెను. పిల్లల పుస్తకమునకు పిల్లలే మంచి పరీక్షకులని ఆయన నమ్మకము. చదివి అభిప్రాయము వ్రాసినందుకు ఒక షిల్లింగు కూలి. ఐదు మొదలు తొమ్మిదేండ్లవరకు గల పిల్లలకు నచ్చునని ఆ బాలుడు వ్రాసెను. తాను పదేండ్లవాడు గదా, పెద్దఱికము చూపవలదా! 1937 సెప్టెంబరులో ఆ పుస్తకము వెలువడెను. పెద్దవాడైన పిమ్మట ఆ రేనరే టోల్కీన్ రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ప్రకటనకు కారకుడయ్యెను.

ఈ కథ విన్నప్పటినుండి శనివారము కడపటి పీరియడున మేము పిల్లలచేత విమర్శలు వ్రాయించుచున్నాము. షిల్లింగునకు బదులు వేరుసెనగ చిక్కీ యిచ్చుచున్నాము. కడపటి పుటవరకు చదివినట్లు మొదటి వాక్యముననే చెప్పవలెను. చదువకున్నచో ఎచ్చట ఆపితిరో పుటసంఖ్య వ్రాయవలెను. అదొక్కటే కఠినమైన నియమము. ‘ఈ పుస్తకము చాల బాగున్నది, అందఱు చదువవలెను’ అను వాక్యమును మాత్రము కొట్టివేయుదుము. ఎనిమిదవ తరగతి బాలుడొకడు “నూటపండ్రెండవ పుటలో నాకు నిద్రవచ్చినది, తప్పు పుస్తకముదో నాదో తెలియలేదు” అని వ్రాసెను. అతనికి రెండు చిక్కీలు ముట్టినవి.

పదవ తరగతి బాలికలలో 2005లో వెలువడిన ‘ట్విలైట్’ అను నవల రహస్యముగ తిరుగుచున్నదని తెలిసి, దానిని పట్టి లాగుకొనక, విమర్శ వ్రాయుడంటిమి. రక్తపిశాచమైన ఎడ్వర్డును, బెల్లా యను బాలికను గూర్చిన ప్రేమకథ యది. ముగ్గురు కలిసి వ్రాసిరి. బెల్లాకు తన యందమును గూర్చి యుండు సందేహములు తమకును గలవని, ఆ పుటలను రెండేసి మార్లు చదివితిమని దాపఱికము లేక చెప్పిరి. పిమ్మట, ఎడ్వర్డు రాత్రివేళ పిలువని గదిలోనికి వచ్చి నిద్రించు బాలికను చూచుచు నిలుచుట ప్రేమయని రచయిత్రి చెప్పుచున్నదనియు, మన వీధిలో ఎవడైన నట్లు చేసిన తాము నాన్నగారిని లేపుదుమనియు వ్రాసిరి. మేము ఇరువది నిమిషములు ఉపన్యసించినను ఆ వాక్యము వారికి కలిగియుండదు. పుస్తకమును లాగుకొనియుండిన అసలు కలిగియుండదు.

మాంత్రికుని పుస్తకమును గూర్చి కమిటీవారికి మరల వ్రాసితిమి. మొదటి యభిప్రాయము సగము పుస్తకమైనను చదువక ఇచ్చినదని అందు స్పష్టముగ తెలిపితిమి. వారు పుస్తకమును తెరచిన బీరువాకు మార్చుటకు అనుమతించిరి. మూడేండ్ల క్రిందట అడిగిన ఆ తండ్రిగారి యింటికి పోయి జరిగినది చెప్పితిమి. వారు కాఫీ యిప్పించి, ఓపికగ విని, “మీరు చదివి చెప్పుచున్నారు గనుక మీ మాట కాదననండీ; మా పిల్లవానికి మాత్రము వద్దండీ” యనిరి. అది వారి హక్కు. వారి కుమారుని కార్డుపై అట్లే గుర్తుపెట్టితిమి.

ఆ బాలిక తమ్ముడు ఇప్పుడు మన పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్నాడు. ఈ సంచిక ప్రతియొకటి వాని చేతికి వచ్చును. పండుగ సెలవులకు అక్కగారు ఇంటికి వచ్చునని వాడు చెప్పెను. అమ్మా, ఆ నాడు నీవడిగిన ప్రశ్నకు జవాబు మాకు తెలియదు; తెలియదని చెప్పుటకు మాఱుగ నిన్ను గద్దించితిమి. ఇప్పుడు తెలిసినది. నీవు వచ్చినప్పుడు దానిని గూర్చి మాటాడుకొందము. కడపటి పుటలో పడవ తిరిగివచ్చుటను గూర్చియు నిన్ను అడుగవలసినది కలదు.

పుస్తకము మూడవ బీరువా రెండవ అరలో నున్నది. వెనుక చీటీపై మా పేరు రెండు పంక్తులలో గలదు. మొదటి పంక్తిలోని రెండు తేదీలకు నడుమ ఒక్క రాత్రియే యున్నది. చీటీ మార్చుదునా యని ఇప్పటి సహాయకుడు అడిగెను. అక్కఱలేదంటిమి, ఇంకను పండ్రెండు గళ్లు ఖాళీగనున్నవి.